ఎడమ చక్రంలో గాలి

మార్చి 3, సోమవారం

వేకువ ప్రార్థన ముగించి వలల షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి పడవ ఎడమ పక్కకు ఒరిగి కనిపించింది. పడవ కింద రెండు చక్రాల బండి. దాని ఎడమ చక్రంలో పిసరంత గాలి లేదు. ఇనుప రిమ్ము కింద టైరు నలిగి, తొక్కి పారేసిన చెప్పులా పడి ఉంది.

మూడేళ్ళలో ఇదే మొదటిసారి.

షెడ్డు నుంచి నీటిదాకా రెండు వందల అడుగుల ఇసుక. చక్రాల్లో గాలి ఉంటే ఆ దూరం నేనొక్కడినే పడవను లాక్కుపోతాను. గాలి లేకపోతే చక్రం ఇసుకను దున్నుతుంది తప్ప ముందుకు జరగదు. పక్క పడవ బావను సాయం పిలిచాను. చుట్టరికం లేని బావ. దేవుడి మీద నమ్మకం కూడా లేనివాడు. నడుం మీద చేతులు పెట్టుకుని చక్రాన్ని తీరిగ్గా చూశాడు.

"ఏం బావా, మహిమ చక్రం ఇవాళ సెలవు పెట్టిందా?"

వెక్కిరించేవాడికి మౌనం కంటే మంచి ప్రసంగం లేదు.

"చెల్లెమ్మ ఊళ్ళో లేదా?" అన్నాడు.

"వాళ్ళక్క మోకాలి నొప్పికి సాయంగా వెళ్ళింది."

"ఓహో" అన్నాడు. ఆ ఓహో నాకు నచ్చలేదు.

అబద్ధం చెప్పలేదు నేను. ఆమె అక్కకు మోకాలి నొప్పి ఉంది. చాలా ఏళ్ళ నుంచి ఉంది.

వేటకు వెళ్ళలేదు.

మార్చి 4, మంగళవారం

షెడ్డులో పంపు దొరికింది. నా పంపే, కానీ నేను పట్టుకుని ఎన్నాళ్ళయిందో. పిడి నున్నగా అరిగిపోయి ఉంది. అరవై నాలుగు సార్లు కొడితే చక్రం నిలబడింది. ఆలస్యంగానైనా సముద్రంలోకి వెళ్ళాను. సగం బుట్ట.

శుక్రవారానికి వచ్చేస్తుంది. ఎక్కువ బట్టలు తీసుకెళ్ళలేదు.

మార్చి 5, బుధవారం

మళ్ళీ దిగిపోయింది.

మార్చి 6, గురువారం

ఇది టైరు సంగతి కాదు. ఇది నా సాక్ష్యం మీద దాడి.

మూడేళ్ళ కిందట ఇదే చక్రం వారం రోజులు నన్ను ఏడిపించింది. రోజూ ఉదయం చప్పబడేది. ఒక రోజు విసిగిపోయి, మోకాళ్ళ మీద పడి, టైరు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. ప్రభువా, మట్టి ముద్దలోకి ఊపిరి ఊదినవాడివి, ఈ రబ్బరు ముద్ద నీకెంత అన్నాను. మర్నాడు చూస్తే చక్రం నిండుగా ఉంది. ఆ మర్నాడూ నిండుగా ఉంది. ఆ ఆదివారమే సాక్ష్యం చెప్పాను. కూటంలో ఏడవనివాళ్ళు లేరు. ఆ తర్వాత పద్నాలుగు సంఘాల వాళ్ళు నన్ను పిలిచి మరీ చెప్పించుకున్నారు. అయిదో తరగతితో బడి మానేసినవాడిని, నాకు వేదాంతం తెలియదు, నాకు నా చక్రం తెలుసు అని మొదలుపెట్టేవాణ్ణి. ఎక్కడ చెప్పినా ఆ మాటకు జనం ముందుకు జరిగి కూర్చునేవాళ్ళు.

ఇప్పుడు ఎందుకు దిగుతోంది? సంఘంలో ఎవరిదో పాపం ఉంది. వెతకాలి.

గత ఆదివారం నేను చెప్పింది వాక్యమే. నూనె చూసుకోకుండా నిద్రపోయిన కన్యకల గురించి. ఎవరి పేరూ పెట్టలేదు.

మార్చి 8, శనివారం

సబ్బు నీళ్ళు టైరంతా పూసి బుడగల కోసం చూశాను. గంటసేపు చూశాను. ఎక్కడా లేవు, గాలి మాత్రం పోతూనే ఉంది. అరచేతిలో బొబ్బ లేచింది.

శుక్రవారం రాలేదు. సోమవారం వస్తుందేమో.

ఇంట్లో ఉప్పు ఎక్కడుందో ఇవాళ దొరికింది. నేను వెతికిన అరలోనే, ముందు వరసలోనే ఉంది.

మార్చి 9, ఆదివారం

ఓర్పు గురించి ప్రసంగించాను. గంటా పది నిమిషాలు. అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చుని కురుపులు గోక్కున్న ఆ భక్తుడి గురించి చెబుతుంటే మా కూటం జరిగే పాత ఐసు గోదాము రేకులు కదిలాయి. అయినా నా కళ్ళు తలుపు పక్క కుర్చీ మీదికే వెళ్ళాయి. ఆమె ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది, ఆలస్యంగా వచ్చినా ఎవరికీ అడ్డం కాకుండా. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. కూటం నిండిపోయి నలుగురు నిలబడ్డారు, అయినా కూర్చోలేదు.

చివర్లో కుట్టు మిషను ఆవిడ దగ్గరికి వచ్చింది. "అమ్మగారు ఎప్పుడొస్తారు అయ్యగారూ?"

"మోకాలి నొప్పి తగ్గాక."

"అమ్మగారికి మోకాలి నొప్పా?"

"వాళ్ళక్కకు."

"ఆవిడ మొన్న బస్సు దిగి నా దగ్గరికి నడుచుకుంటూ వచ్చారే, బట్టలు కుట్టించుకోవడానికి. మేడ మీదికి చకచకా ఎక్కారు."

నొప్పులు వస్తుంటాయి, పోతుంటాయి అన్నాను.

మార్చి 10, సోమవారం

ఈ పుస్తకం ముందు వైపు ప్రసంగాలు రాసుకుంటాను, వెనక వైపు ఇది. ఇవాళ ముందు వైపు ఒక్క ముక్క రాలేదు. ఇక్కడే అంతా రాస్తాను.

చక్రం ఊడదీసి భుజాన వేసుకుని పంక్చర్ షాపు తాత దగ్గరికి వెళ్ళాను. తాతకు ఎనభై దగ్గర పడుతున్నాయి. సైకిళ్ళు, తోపుడు బళ్ళు, ఏ చక్రమైనా వేళ్ళతోనే చూస్తాడు. రెండు కడ్డీలు దూర్చి టైరు అంచు లేపి, లోపలి ట్యూబు బయటికి లాగాడు. లాగి, నా వైపు చూసి నవ్వాడు.

"వచ్చిందా, మా శిష్యురాలి పని."

ట్యూబు నిండా అతుకులు. లెక్కపెట్టాను. పదకొండు. ఒక్కొక్కటి రూపాయి బిళ్ళంత, గుండ్రంగా, అంచులు గరుకు కాగితంతో రుద్ది పల్చగా చేసి అంటించినవి. చొక్కా చిరుగు కనబడకుండా కుట్టినట్టు ఉన్నాయి. రెండు నల్లవి. తొమ్మిది ఎర్రవి.

"ఎవరు వేశారివి?" అన్నాను.

తాత చెయ్యి ఆగిపోయింది. "అదేంటయ్యా. మీ ఇంటావిడే కదా. మూడేళ్ళ కిందట వచ్చి కూర్చుంది, నేర్పించు తాతా అని. ఆడవాళ్ళకెందుకమ్మా ఈ జిగురు పని అన్నాను. నువ్వు వండుకోవట్లేదా తాతా, చేతులకి ఆడా మగా ఏంటి అంది. రెండు రోజుల్లో పట్టేసింది. నా దగ్గర రెండు ముక్కలే తీసుకుంది. మిగతావి ఇంట్లో రబ్బరు ఉందిలే అంది."

ఎర్ర రబ్బరు. నేను దాన్ని గుర్తుపట్టాను. గుర్తుపట్టకుండా ఉండాలని చూశాను, కానీ ఒక ముక్క మీద సగం తెగిన అక్షరం కూడా ఉంది. నా నడుం నొప్పికి కాపడం పెట్టుకునే వేడినీళ్ళ సంచి. రెండేళ్ళ కిందట పోయింది. ఎక్కడ పారేశావని వారం రోజులు సాధించాను. పోయిన నాణెం కోసం ఇల్లంతా ఊడ్చిన స్త్రీ గురించి ప్రసంగించినప్పుడు, మా ఇంట్లో వేడినీళ్ళ సంచి పోతే ఊడ్చేవాళ్ళు కూడా లేరు అని ఒక విసురు విసిరాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

తాత ట్యూబుకు గాలి కొట్టి తొట్టెలో ముంచి కొంచెం కొంచెంగా తిప్పాడు. పదకొండు అతుకుల్లో ఒక్కటీ బుడగ వదల్లేదు. "చూశావా, ఒక్కటి కూడా కారట్లేదు" అన్నాడు, తన బిడ్డ మొదటి మార్కు తెచ్చినట్టు. పన్నెండో చోట, కొత్తగా, సూదిమొనంత చిల్లు నుంచి బుడగలు వరసగా లేచాయి. ఉప్పు గాలికి రిమ్ము లోపల తుప్పు పట్టి పళ్ళలా లేచిందట. అదే మూడు నెలలకోసారి ట్యూబును కొరుకుతోందట, చిల్లు దొరికి అతుకు పడేదాకా గాలి రోజూ దిగుతూనే ఉంటుందట. రిమ్ము రుద్ది, దాని చుట్టూ పాత రబ్బరు పట్టీ వేసి, చిల్లుకు అతుకు వేశాడు. నల్లది.

తిరిగి వస్తుంటే బావ తన పడవకు తారు పూస్తున్నాడు. చక్రం దింపి అడిగాను.

"నీకు తెలుసా?"

"ఏది?"

"ఈ చక్రం సంగతి."

అతను కుంచె డబ్బాలో పెట్టాడు. "రోజూ కొట్టేది బావా. నువ్వు కూటంలో కళ్ళు మూసుకోగానే వచ్చేది. గాలి కొట్టి, బొటనవేలితో నొక్కి చూసుకుని, పంపు వలల కింద దాచి పోయేది. వానలో కూడా."

"ఎవరెవరికి తెలుసు?"

"కళ్ళు తెరుచుకుని ఉన్న వాళ్ళందరికీ."

"ఒక్కడైనా నాకు చెప్పలేదే."

"నేను చెప్తానన్నాను. నా చేత ఒట్టేయించుకుంది. దేవుణ్ణి నమ్మనివాణ్ణి, నా ఒట్టుకి విలువేంటమ్మా అంటే, నీకు దేవుడు లేడు కాబట్టే నీ మాట మీదే నిలబడాలి అన్నయ్యా అంది."

మార్చి 11, మంగళవారం

ప్రార్థన చేయలేకపోయాను.

మార్చి 12, బుధవారం

రాయాలి. ఎవరూ చదవని చోట కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

మార్చి 2, ఆదివారం. కన్యకల మీద ప్రసంగం. పేరు పెట్టలేదని పైన రాశాను. అది నిజం. పేరు పెట్టలేదు, వేలు పెట్టాను. సేవకుడి ఇంట్లోనే దీపం ఆరిపోతే ఊరికి వెలుగెక్కడిది అన్నాను. మూడేళ్ళుగా వేకువ ప్రార్థనకు రానివాళ్ళు ఈ గోడల మధ్యే ఉన్నారు అన్నాను. అందరూ తలుపు వైపు తిరిగారు. అప్పుడైనా ఆగొచ్చు. నోట్లో అగ్ని ఉంది, ఆపడం నా వల్ల కాలేదు అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు తెలుస్తోంది, ఆపాలనిపించలేదు.

లేచి నిలబడమన్నాను.

ఆమె లేచింది. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. కంగారు పడితే అలా తీస్తుంది, ఎదుటివాళ్ళ మొహాలు కనబడకుండా.

"నేను ఇక్కడ మోకాళ్ళ మీద ఉన్న గంటలో నువ్వు ఎక్కడ ఉంటున్నావో సంఘానికి చెప్పు" అన్నాను.

"పని ఉందండి" అంది.

"దేవుడి కంటే ముఖ్యమైన పనా?"

ముందు వరసలో ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొందరు. నేను నవ్వనిచ్చాను. నవ్వు పూర్తయ్యేదాకా ఆగి మరీ తర్వాతి మాట అందుకున్నాను. ఎక్కడ ఆగాలో నాకు బాగా తెలుసు, అదే నా వరం అంటారు.

కూర్చో అని చెప్పడం మర్చిపోయాను. చివరి ప్రార్థనదాకా నిలబడే ఉంది.

ఇంటికి వచ్చాక భోజనం పెట్టింది. గ్లాసులో నీళ్ళు పోసింది. "అక్క దగ్గరికి వెళ్తున్నానండి" అంది. సంఘం ముందు ఒప్పుకోలు చెప్పేదాకా తిరిగి రావొద్దు అన్నాను.

మోకాలు సంగతి నేను కల్పించుకున్నది.

మార్చి 13, గురువారం

వాళ్ళక్క ఊరికి బస్సులో అరగంట. ఎప్పటి అలవాటో, పొద్దున్నే బయల్దేరాను. గ్రంథం చంకలో ఉంది. అది లేకుండా గడప దాటి ఎరగను.

తలుపు తీసింది వదిన. మేడ మీది నుంచి గబగబా దిగి వచ్చి తీసింది.

"మోకాలు ఎలా ఉంది వదినా?" అనేశాను. ఏం మాట్లాడాలో తెలియక.

"నా మోకాలికేం మరిదిగారూ. నిక్షేపంలా ఉంది. మీ మోకాళ్ళే అరిగిపోయి ఉంటాయి పాపం, ప్రార్థనలతో." చంకలోకి చూసింది. "అది ఇంట్లో పెట్టి రావాల్సింది. చేతులు ఖాళీగా ఉంటే కాళ్ళు పట్టుకోవడానికి వీలుగా ఉండేది."

"తనతో మాట్లాడాలి."

"పడుకుంది."

"ఈ వేళప్పుడా?"

"ఏడు కాలేదింకా. పడుకోకూడదా?"

ముందు గదిలో బల్ల మీద ఆమె కళ్ళజోడు డబ్బా కనిపించింది. కళ్ళజోడు కనబడలేదు. పడుకోలేదేమో. లేదా మంచం పక్కన పెట్టుకుందేమో. గడప మీద అరగంట కూర్చున్నాను. వదిన టీ తెచ్చి పక్కన పెట్టింది. కోపంగా ఉన్నవాళ్ళు ఇచ్చే టీ, సగం గ్లాసు.

"నాకు తెలిసిపోయిందని చెప్పు వదినా. చక్రం సంగతి."

ఆవిడ వంగి నా గ్లాసు తీసుకుంది. "మీకు ఇప్పుడు తెలిసింది. దానికి మూడేళ్ళ నుంచి తెలుసు. ఇందులో దానికి కొత్త కబురేముంది?"

మార్చి 16, ఆదివారం

ఒప్పుకోలు ఆమెది కాదు, నాది. ఇవాళ చెప్పాను.

చక్రాన్ని కూటంలోకి దొర్లించుకుంటూ తెచ్చి బల్ల మీద పెట్టాను. మూడేళ్ళుగా నేను చెప్పిన సాక్ష్యం తప్పు అన్నాను. ఊపిరి ఊదింది దేవుడే కావచ్చు, పంపు కొట్టింది నా భార్య అన్నాను. ఆమెను నిలబెట్టినందుకు నేను నిలబడతాను అని, చివరిదాకా కుర్చీ ముట్టలేదు. జనం వెక్కి వెక్కి ఏడ్చారు. కోడి కూతకు ముందు మూడుసార్లు ఎరగనన్న ఆ చేపలవాడిని నేనే అన్నప్పుడు వెనక గోడ దగ్గర ఒకాయన కూలబడ్డాడు.

కూటం అయ్యాక గుండె జబ్బు ముసలమ్మ కర్ర తాటించుకుంటూ వచ్చింది. "అయ్యా, ఆ టైరు సాక్ష్యం విన్న రోజే నా గుండె దడ తగ్గింది. ఇప్పుడు మళ్ళీ వస్తుందంటావా?"

"రాదమ్మా."

"వస్తే మీ ఇంటావిణ్ణి పిలుస్తాను. ఆవిడ చెయ్యే మంచిదిలా ఉంది."

ఆవిడ వేళాకోళానికి అనలేదు.

ఇప్పుడు, మధ్యాహ్నం, ఒంటరిగా ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. బాగా చెప్పాను. ఎక్కడ గొంతు తగ్గించాలో తగ్గించాను. చేపలవాడి మాట ముందే రాసి పెట్టుకున్నాను, ఈ పుస్తకం ముందు వైపున. జనం ఏడుస్తుంటే నాలో ఏదో తీయగా లేచింది. ఆమెను నిలబెట్టిన రోజు లేచిందీ అదే.

ప్రభువా, ఈ గొంతు నువ్విచ్చిందే అయితే కాసేపు తీసేసుకో.

మార్చి 18, మంగళవారం

చక్రం మళ్ళీ మెత్తబడింది. తాత కారదని మాటిచ్చాడు.

యాభై ఒక్కసారి కొట్టాను.

మార్చి 19, బుధవారం

తాత తానే షెడ్డు దగ్గరికి వచ్చాడు, చక్రం మోయించడం ఇష్టం లేక. ఉమ్ము వేలికి రాసుకుని గాలి ఎక్కించే వాల్వు మొన మీద పెట్టాడు. బుడగ లేచింది.

"అతుకులు కావు. వాల్వులో ఇసుక పడింది. దీని మూత ఏది?"

చిటికెన వేలి కొసంత మూత. ఉండాలి. కుడి చక్రానికి ఉంది. ఎడమ దానికి లేదు. వలలన్నీ దులిపాను, బండి కింద ఇసుక జల్లెడ పట్టాను. బావ కూడా మోకాళ్ళ మీద కూర్చుని వెతికాడు.

"నిన్ను మోకాళ్ళ మీద చూస్తాననుకోలేదు బావా" అన్నాను.

"ఇది నీ కోసం కాదు, చెల్లెమ్మ కోసం" అన్నాడు.

దొరకలేదు. తాత వాల్వు విప్పి ఊది, కడిగి బిగించాడు. మూత లేకపోతే మళ్ళీ పడుతుంది అన్నాడు. వేరే మూత తన దగ్గర ఉందన్నాడు. వద్దన్నాను. ఎందుకన్నానో తెలియదు.

తెలుసు. ఆ మూత ఎక్కడుందో ఆమెకే తెలిసి ఉండాలి. అడగడానికి వెళ్ళొచ్చు.

మార్చి 20, గురువారం

సాయంత్రం నాలుగింటికి వెళ్ళాను. గ్రంథం తీసుకెళ్ళలేదు. చేతులు ఏం చేయాలో తెలియక బస్సులో అంతసేపూ టికెట్టు మడిచాను, విప్పాను.

ఈసారి ఆమే తలుపు తీసింది. వదిన ఒకసారి తొంగి చూసి, లోపల గిన్నెలు గట్టిగా కడగడం మొదలుపెట్టింది.

ఆమె మొహం వేరేగా ఉంది. ఏం మారిందో కాసేపు అర్థం కాలేదు. కళ్ళ కింద నలుపు లేదు. పెళ్ళయిన నాటి నుంచీ ఉంది కాబట్టి అది ఆమె రంగే అనుకున్నాను.

"తిన్నారా?" అంది.

"తిన్నాను."

"ఉప్పు దొరికిందా?"

"ముందు వరసలోనే ఉంది."

"అక్కడే ఉంటుందండి."

మెట్ల మీద కూర్చున్నాం, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడంతో.

"సంఘం ముందు చెప్పాను" అన్నాను.

"విన్నాను. బాగా చెప్పారట. మన పక్కింటావిడ ఏడుస్తూ ఇక్కడిదాకా వచ్చి చెప్పింది."

ఆ బాగా అన్న మాట దగ్గర నా తల దించుకుపోయింది. ఆమె పొడవడానికి అనలేదు. నా ప్రసంగాల గురించి ఎప్పుడూ ఆ మాటే అనేది.

"నాతో ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"చెప్దామనే అనుకున్నానండి. మీకు వారం రోజులుగా వేట ఆలస్యమవుతోందని, చిరాకు పడుతున్నారని, రెండు రోజులు కొట్టి పెట్టాను. ఆదివారం ఇంటికొచ్చాక చెప్దామనుకున్నా. మీరు ఆ పొద్దునే సాక్ష్యం చెప్పేశారు. అందరూ ఏడుస్తున్నారు. మీరూ ఏడుస్తున్నారు. ఇంకెలా చెప్పేది? మర్నాడు గాలి లేకపోతే మీరు అబద్ధికులవుతారు. అందుకని మర్నాడు కూడా కొట్టాను."

"మూడేళ్ళు."

"పొద్దున్న నాలుగింటి నుంచి మీరు మెలకువగానే ఉంటారు కదా. మీరు కళ్ళు మూసుకునేది ఆ ఒక్క గంటే. ఆ గంటలోనే వెళ్ళాలి."

"నేను నిలబెట్టిన రోజైనా చెప్పేయాల్సింది. నన్ను అక్కడే కూలగొట్టి ఉండాల్సింది."

"అనిపించింది" అంది. "నోటిదాకా వచ్చింది. మీ మొహం చూశాను. కనబడకూడదని కళ్ళజోడు తీశాను గానీ మీ మొహం నాకు అద్దాలు లేకపోయినా తెలుస్తుంది. పోనీలే అనుకున్నాను."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఇంటికి రా" అన్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆమెను ఏదీ అడిగిన గుర్తు లేదు నాకు. చెప్పేవాణ్ణి. "రమ్మని చెప్పడం లేదు. అడుగుతున్నాను."

ఆమె మెట్టు మీది దుమ్ము చేత్తో తుడిచింది.

"రాలేనండి."

"నా మీద అంత కోపమా?"

"కోపం లేదు. కోపం ఉంటే పోట్లాడటానికైనా వచ్చేదాన్ని." తర్వాత, ఇరుగుపొరుగు కబురు చెబుతున్నట్టు అంది, "ఇక్కడ ఏడింటిదాకా నిద్రపోతున్నానండి. మొదటి రెండు రోజులు నాలుగున్నరకే మెలకువ వచ్చింది. కుడి భుజం దానంతటదే కదిలేది. ఇప్పుడు రావట్లేదు. లేచేసరికి ఎండ మంచం మీద ఉంటోంది."

నా దగ్గర ఎన్నో మాటలున్నాయి. ఏ సంఘాన్నైనా ఏడిపించగల మాటలు. ఒక్కటీ బయటికి తీయలేదు. ఈ ఏడాది నేను చేసిన మంచి పని అదొక్కటే కావచ్చు.

లేస్తూ మూత సంగతి అడిగాను.

"అయ్యో, చెప్పడం మర్చిపోయాను" అని లోపలికి వెళ్ళి కళ్ళజోడు డబ్బా తెచ్చింది. అడుగున మెత్తటి గుడ్డ మడత విప్పితే నల్ల మూత. "ఆ శనివారం పొద్దున గాలి కొడుతుంటే వాన మొదలైంది. మూత ఇందులో పెట్టుకుని పరిగెత్తాను. ఆదివారం మీరు నిలబెట్టినప్పుడు కూడా ఇది నా చేతిలోనే ఉంది."

నా అరచేతిలో పెట్టింది. నా వేళ్ళు ముయ్యబోతే తన చెయ్యి వెనక్కి తీసుకుంది. విసురుగా కాదు. వేడి గిన్నె మీద నుంచి తీసుకున్నట్టు.

"గట్టిగా బిగించకండి. మర పోతుంది. వేలితో తిప్పి, ఆగిన చోట వదిలేయండి."

మార్చి 21, శుక్రవారం

మూత పెట్టాను. ఆగిన చోట వదిలేశాను.

మార్చి 22, శనివారం

గట్టిగానే ఉంది.

మార్చి 23, ఆదివారం

కుట్టు మిషను ఆవిడ పాట పాడింది, వేరే ఒకాయన వాక్యం చదివాడు. నేను తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను. అక్కడ కూర్చుంటే చెప్పేవాడి మొహం సగమే కనిపిస్తుంది, సముద్రం మాత్రం తలుపులోంచి పూర్తిగా కనిపిస్తుంది. చక్రాల బండి కూడా కనిపిస్తుంది.

మార్చి 27, గురువారం

ఆమె బట్టలు ఒక పెట్టెలో సర్ది బావతో పంపాను. తిరిగొచ్చి "తీసుకుంది" అన్నాడు. ఇంకేమైనా అందా అని అడిగాను. మీ నడుం ఎలా ఉందని అడిగిందట.

"ఏం చెప్పావు?"

"బాగుందన్నాను."

బాగాలేదు. కానీ అతను అలా చెప్పడమే మంచిదయింది.

మార్చి 31, సోమవారం

వేకువనే లేచి షెడ్డుకు వెళ్ళాను. పంపు తెచ్చి పక్కన పెట్టుకుని చక్రం ముందు కూర్చున్నాను. పది రోజులుగా గాలి తగ్గలేదు. పన్నెండు అతుకులూ పట్టే ఉన్నాయి. పంపుతో పని లేదు. అది తెలిసే తెచ్చాను.

కూటంలో నేను లేకుండానే వేకువ పాట మొదలైంది. ఇక్కడికి పాట వినిపిస్తుంది, మాటలు వినిపించవు. మూడేళ్ళు ఆమె విన్నది ఇదే. ఎండ వచ్చేదాకా కూర్చున్నాను.

ప్రార్థన అయ్యాక కుట్టు మిషను ఆవిడ ఇసుకలో నడుచుకుంటూ వచ్చింది.

"మీ కోసం చూశాం అయ్యగారూ. ప్రార్థనకు రాలేదేం?"

"పని ఉందమ్మా" అన్నాను.

ఆవిడ పంపు వైపు చూసింది, చక్రం వైపు చూసింది. నవ్వలేదు. వెళ్ళిపోయింది.

బొటనవేలితో టైరు నొక్కి చూశాను. గట్టిగా ఉంది. మళ్ళీ నొక్కాను.